నాలుగు సీట్ల పడవ

మంగళగిరి దాటాక హైవే పక్కన కొత్తగా కట్టిన 'కిలకిల' కుటుంబ వినోదవనం వారు నీటి సవారీకి మంచి అద్భుత కథ కావాలని ప్రకటన ఇస్తే, సోమవారం పొద్దున పదిహేడు కథలు స్వయంగా ఇంటర్వ్యూకి వచ్చి వరండాలో బెంచీల మీద కూర్చున్నాయి.

కథలు చూడటానికి మనుషుల్లాగే ఉంటాయి. కాకపోతే సామాను ఎక్కువ. ఒక కథ ఏడు తలల పామును ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకొచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు తలకొక విజిటర్ బ్యాడ్జీ ఇచ్చి లోపలికి పంపారు. ఇంకో కథ తన రాక్షసుణ్ణి పార్కింగ్‌లో నీడ చూసి నిలబెట్టి వచ్చింది. రెక్కల గుర్రాలకి విడిగా నీళ్ళ తొట్టి పెట్టారు. టీ మాత్రం అందరికీ ఒకేసారి ఇచ్చారు.

ఎంపిక చేసేది ఇద్దరు. ఒకరు డైరెక్టర్ చలపతి. ఇదివరకు కల్యాణ మండపాలు నడిపిన మనిషి కాబట్టి ఏ విషయాన్నయినా జనం, కుర్చీలు, భోజనాల లెక్కలోనే ఆలోచిస్తాడు. రెండోవారు కథల అధికారి హైమావతి. నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. గుంటూరులో తమ్ముడి ఇంట్లో ఉంటుంది. కుటుంబాలకి ఏ కథ పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆవిడ చెప్పిందే ఆఖరి మాట.

మొదట ఎగిరే మంచం కథ లోపలికి వచ్చింది.

"మంచం మీద ఎవరెక్కుతారు?" అని చలపతి అడిగాడు.

"రాజకుమారుడు, అప్సరస సార్."

"జనం పిల్లల్తో వస్తారయ్యా. సోఫా చెయ్యగలవా?"

కథ కాసేపు ఆలోచించి, సోఫా అయితే ఎగరదని నిజం చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చిన కథ, తన రాక్షసుడు పిల్లల్ని తినడం మానేశాడని, ఇప్పుడు పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ అని చెప్పింది. హైమావతి పార్కింగ్‌లోకి వెళ్ళి చూసొచ్చింది.

"తిండి సంగతి నిజమే సార్. కానీ కూర్చుని ఏడుస్తున్నాడు. ఏడ్చే రాక్షసుణ్ణి చూస్తే పిల్లలు జాలిపడతారు. జాలిపడ్డ పిల్లలు ఐస్‌క్రీమ్ అడగరు" అంది.

చలపతి ఆవిడ వంక మెచ్చుకోలుగా చూశాడు. పాము కథను తలలు ఎక్కువని, నీటి కన్య కథను బట్టలు తక్కువని పంపేశారు. ఒక కథలో మొదటి పేజీలోనే తల్లి చనిపోతుంది. "ఆవిడకి జలుబు చేసిందని చెప్పుకుందాం" అన్నాడు చలపతి. కథ ఒప్పుకోలేదు.

మధ్యాహ్నానికి ఒక్కటి మిగిలింది. దాని పేరు ఉప్పు కోట. యాభై ఏళ్ళ ఆడమనిషి రూపంలో, నేత చీర కట్టుకుని వచ్చింది. భుజాన ఉన్న చేతిసంచిలోంచి ఉప్పు సన్నగా రాలుతోంది. కూర్చోమన్నా కూర్చోకుండా తన సంగతి చెప్పింది. ఒక రాజు, రాణి, ఇద్దరు రాజకుమార్తెలు భూమి కింది సముద్రం దాటి ఉప్పు కోటకి వెళ్ళాలి. వాళ్ళకి ముందు దీపం పట్టుకుని ఒకావిడ నడుస్తుంది. చీకటి వచ్చిన ప్రతిచోటా ముందు ఆవిడ వెళ్ళి, తిరిగొచ్చి "ఏం లేదు, రండి" అంటుంది. దారిలో ఒక భూతం కాపలా ఉంటుంది. "వీళ్ళు నావాళ్ళు" అని ఎవరైనా పూచీ ఉంటే తప్ప అది ఎవర్నీ వదలదు. దీపం ఆవిడ నలుగురికీ పూచీ ఉంటుంది.

"ఎవరూ చావరు కదా?" అన్నాడు చలపతి.

"చావరు."

"బాగుంది. ట్రయల్ పెట్టు హైమా."

ట్రయల్ అంటే కథను ఒక కుటుంబం మీద నడిపి చూడటం. ట్రయల్‌లో పాత్రకి ఏం జరిగితే మనిషికీ అదే జరుగుతుంది. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. పోయిన నెల జింక వేషం కట్టిన ఎలక్ట్రీషియన్ ఇప్పటికీ మధ్యాహ్నం లాన్‌లోనే భోంచేస్తాడు. తోటమాలికి పని తగ్గింది.

కథలో అక్కర్లేని పాత్రను తీసేయడాన్ని కత్తిరింపు అంటారు. దానికి కత్తెర ఉండదు. అధికారి కథ ఎదురుగా నిలబడి "ఈ పాత్ర లేదు" అంటే చాలు. ముగ్గురు అన్నదమ్ముల కథలో నడిమివాణ్ణి అలా తీసేసినప్పుడు, ట్రయల్ ఇచ్చిన తాడేపల్లి కుటుంబంలో నడిమి కొడుకు లేకుండా పోయాడు. ఇంట్లో ఎవరికీ గుర్తులేడు కాబట్టి ఫిర్యాదు రాలేదు. ఆ తల్లి మాత్రం రోజూ అన్నం కాస్త ఎక్కువ వండి, ఎందుకు వండానా అని గిన్నె వంక చూస్తూ నిలబడుతుందట. ఆ కొడుకు ఇప్పుడు పార్కు క్యాంటీన్‌లో కాఫీ కలుపుతాడు. అతనికి అన్నీ గుర్తే. పార్కు సిబ్బందిలో సగం మంది ఇలా వచ్చినవాళ్ళే, అందుకే సెలవులు తక్కువ పెడతారు. ఆ కత్తిరింపు చేసింది హైమావతే. ఆ పూట ఆవిడకి చప్పట్లు కొట్టారు.

ఆఖరికి మిగిలిన కథ ట్రయల్ మాత్రం అధికారి సొంత కుటుంబం మీద జరగాలన్నది పార్కు పద్ధతి. అలాగైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎంచుతారని. మూడింటికల్లా హైమావతి తమ్ముడు పూర్ణచంద్ర సెల్‌ఫోన్ల షాపు మూసి భార్యాపిల్లలతో వచ్చాడు. భార్య శైలజ పులిహోర డబ్బా తెచ్చింది. పెద్దమ్మాయి జోషిత ఎనిమిదో తరగతి. చిన్నది తన్వి రెండో తరగతి. రాజు, రాణి, ఇద్దరు రాజకుమార్తెలు సరిగ్గా సరిపోయారు. దీపం పాత్రకి క్యాంటీన్ నుంచి ఒకమ్మాయిని పిలిపించారు.

"అత్తా, నువ్వు పట్టుకో దీపం" అంది తన్వి.

"నేను ఆఫీసరునే. బయట ఉండి చూడాలి."

"ఆ అక్క నాకు తెలీదు. నువ్వయితేనే నేను చీకట్లోకి వస్తా." చీర కొంగు పట్టుకుని లాగింది.

హైమావతి నవ్వుతూ దీపం అందుకుంది. క్యాంటీన్ అమ్మాయి ఏదో చెప్పబోయి ఊరుకుంది.

కథ మొదలైంది. సొరంగం నిజంగానే చీకటిగా ఉంది. హైమావతి ముందు వెళ్ళి, తిరిగొచ్చి "ఏం లేదు, రండి" అంది. మలుపు తిరిగిన ప్రతిసారీ అదే మాట. ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఆవిడ అనే మాటే కాబట్టి ఎవరికీ కొత్తగా అనిపించలేదు. భూతం కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. "వీళ్ళు నావాళ్ళు" అంది హైమావతి. భూతం నలుగుర్నీ వదిలింది. తర్వాత ఆవిడ వంక వేలు చూపించి, "మరి ఈవిడ ఎవరి తాలూకు?" అని అడిగింది. కథలో లేని ప్రశ్న అది. పూర్ణచంద్ర శైలజ వంక చూశాడు.

"మా అత్త" అంది తన్వి. భూతం సరేనంది.

అవతల సముద్రం. పడవ వచ్చి ఆగింది. దానికి నాలుగు సీట్లున్నాయి.

సొరంగంలో లైట్లు వెలిగాయి. చలపతి వెనక దారి నుంచి వచ్చాడు. వెంట ఉప్పు కోట కథ కూడా ఉంది.

"నాలుగే ఎందుకున్నాయి సార్?" అంది హైమావతి.

"నువ్వే కదమ్మా చెప్పింది. హైవే మీద హోర్డింగు నువ్వే ఓకే చేశావు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. టికెట్లు అట్టాగే కొట్టించాం, పడవలూ అట్టాగే చేయించాం."

హోర్డింగు ఆవిడకి గుర్తుంది. అయిదుగురి బొమ్మ కూడా గీసి తెచ్చారు. నిండుగా ఉందని, చూడటానికి హాయిగా లేదని తనే పక్కన పెట్టింది. ఆ రోజు ఇంటికెళ్ళి అయిదు కంచాలు తనే వడ్డించింది. రెండింటికీ సంబంధం ఉందని తోచలేదు.

"నేను నిలబడి వస్తాను."

"ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోరు."

"చిన్నదాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటా."

"మూడేళ్ళు దాటితే సీటు వేరే. అదీ నువ్వు పెట్టిందే."

"ట్రయల్ ఆపేస్తే?"

"భూతం దాటాక ఆపితే అందరూ ఇక్కడే ఉండిపోతారు. నీకు తెలియందా? కత్తిరించాలి హైమా. ఎవర్ని తీస్తావో నీ ఇష్టం. ఇంట్లో సంగతుల్లో నేను తలదూర్చను" అని చలపతి మర్యాదగా పక్కకి తిరిగి నిలబడ్డాడు.

ఉప్పు కోట కథ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నన్ను ఎక్కడ కోసినా బతుకుతానమ్మా. ఈ పాత్రను మాత్రం ముట్టుకోవద్దు. ఇది పోతే నేను కథని కాను, ప్రయాణాన్ని."

హైమావతి తనవాళ్ళ దగ్గరికి వెళ్ళి విషయం చెప్పింది. ఎవరైనా ఏదైనా అంటారని ఆగింది.

పూర్ణచంద్ర ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. అయినా చూస్తూనే ఉన్నాడు.

"పిల్లల్ని తియ్యరు కదా వదినా?" అంది శైలజ.

"పిల్లల్ని ఎందుకు తీస్తాను?"

"ఈయన లేకపోతే షాపు ఎవరు చూస్తారు?"

"తెలుసు."

"ఇంక నేనంటారా..."

"నీ మాట నేనేం ఎత్తలేదు శైలూ."

"అత్తా, నాకు రేపు యూనిట్ టెస్ట్ ఉంది. ఇంకా చదవాలి" అంది జోషిత.

పూర్ణచంద్ర ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నీ ఆఫీసు కదక్కా. మాకేం తెలుసు? నువ్వెట్టా చేస్తే అట్టా" అన్నాడు. చిన్నప్పటి నుంచీ అతను అంతే. ఏది కావాలన్నా అడగడు. ఎదుటివాళ్ళు ఇచ్చేదాకా నిలబడతాడు.

"ఇంకో సీటు పెట్టొచ్చుగా?" అంది తన్వి.

పెద్దవాళ్ళంతా నవ్వారు. "పాప చురుకైంది" అన్నాడు చలపతి. ఆ విషయం అక్కడితో అయిపోయింది.

హైమావతి నలుగుర్నీ ఒకసారి చూసింది. ఎవరి పేరూ ఎవరూ అనలేదు. అయినా ఏ పేరు అనుకున్నారో అందరికీ తెలిసింది. అయిదో మనిషిని తీసేయాలని ఇంట్లో ఎన్నడూ ఎవరూ అనుకుని ఉండరు. అడిగినప్పుడు మాత్రం వెతుక్కోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆవిడకి దెబ్బ తగిలింది అక్కడ.

చేతిలో దీపంతోనే ఆవిడ కథ ఎదురుగా నిలబడి, "ఈ పాత్ర లేదు" అంది.

కథ కళ్ళు మూసుకుంది. దీపం ఆరలేదు. దాన్ని చలపతి తీసుకుని పక్కన పెట్టాడు.

ఎదుటివాళ్ళకి చేసినప్పుడు ఇది ఇంత తొందరగా అయిపోతుందని హైమావతి ఎప్పుడూ గమనించలేదు. తలెత్తేసరికి పూర్ణచంద్ర, కొత్తవాళ్ళని చూసి నవ్వే నవ్వు నవ్వుతున్నాడు.

"మేడమ్, ఎక్కొచ్చా మేము?"

ఆవిడ తల ఊపింది. నలుగురూ ఎక్కారు. సీట్లు సరిగ్గా సరిపోయాయి. శైలజ పులిహోర డబ్బా ఉన్న బ్యాగు ఆవిడ చేతికిచ్చి, "కొంచెం ఇది చూస్తూ ఉంటారా? తడుస్తుందని" అంది. హైమావతి వంగి చిన్నదాని ఒడి మీదుగా కడ్డీ దించింది. తన్వి ఆవిడ చేతి వంక కాసేపు చూసింది. కొంగు వంక చూసింది. ఏదో గుర్తు తెచ్చుకోబోతున్నట్టు మొహం పెట్టింది.

"మీ చేతికి ఉప్పంటింది ఆంటీ" అంది.

పడవ కదిలింది.

దీపం ఆవిడ లేకపోయేసరికి చీకటి అక్కర్లేదని, మిగతా సొరంగమంతా ట్యూబ్‌లైట్లు పెట్టించారు. పూచీ పడేవాళ్ళు లేరు కాబట్టి భూతాన్ని తీసేశారు. అది ఇప్పుడు మెయిన్ గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తుంది. భూతం లేకపోయాక కోటకి కాపలా దేనికన్నారు, కాపలా లేకపోయాక కోట దేనికన్నారు. చివరికి నలుగురు మనుషులు పడవలో కూర్చుని, వెలుతురులో కాసేపు తిరిగి, బొమ్మల దుకాణం ముందు దిగే సవారీ తయారైంది. ఏ పిల్లా ఏడవలేదు. పార్కు యాజమాన్యం దీన్ని సంపూర్ణ కుటుంబ కథగా గుర్తించింది. ఉప్పు కోట కథ సంతకం పెట్టి, సంచీ దులుపుకుని, ఎటు వెళ్ళాలో తెలియక వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఇప్పటికీ అక్కడే ఉంటుంది. టీ ఇస్తారు.

గుంటూరు ఇంట్లో హైమావతి గది పిల్లల చదువుల గది అయింది. పార్కు వాళ్ళు ఆవిడకి స్టాఫ్ హాస్టల్లో మంచం, నీలం రంగు యూనిఫారం ఇచ్చారు. పడవ ఎక్కేచోట నిలబడి కడ్డీలు దించడం ఆవిడ పని. పక్క మంచం క్యాంటీన్ అమ్మాయిది.

"ఆ రోజే చెబుదామనుకున్నానండీ. నన్ను తీసేసినప్పుడు కూడా మా ఇంట్లోవాళ్ళు కేకలేం పెట్టలేదు" అందా అమ్మాయి.

"నిన్ను తీసేసింది నేనేనా?" అని అడిగింది హైమావతి.

"మీరే. పర్లేదు లెండి, అలవాటైంది."

ప్రారంభం రోజున జనం విరగబడ్డారు. పడవలు నలుగురేసి చొప్పున నిండి వెళ్ళాయి. ప్రతి కుటుంబం వెంటా ఒక మనిషి మిగిలిపోవడం హైమావతి ఆ రోజే చూసింది. ఒకరి వెంట విడాకులైన చెల్లెలు, ఒకరి వెంట పెళ్ళికాని బాబాయి, ఒకరి వెంట ఏమవుతుందో వాళ్ళకే సరిగ్గా తెలియని ముసలావిడ. ఆపమని ఎవరూ చెప్పక ముందే వాళ్ళు వరసలోంచి తప్పుకున్నారు. "మీరెక్కండి, మాకు నీళ్ళు పడవు" అన్నారు. చెప్పులు, బ్యాగులు, పాలసీసాలు, అందరి ఫోన్లు వాళ్ళ చేతుల్లోకి చేరాయి. వాళ్ళమీద ఎవరూ ఏ కత్తిరింపూ చేయలేదు. ట్రయల్ కూడా పెట్టలేదు.

హైమావతి వెళ్ళి చలపతికి చెప్పింది. జనం లెక్క తెలిసిన మనిషి కాబట్టి ఆయన వెంటనే పడవ పక్కన ఒక రేకుల షెడ్డు వేయించి, బెంచీలు వరసగా వేయించాడు. వాళ్ళంతా సామాను ఒళ్ళో పెట్టుకుని సర్దుకు కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎండ ఎక్కాక మాత్రం ఒకాయన హైమావతిని పిలిచి, ఒక ఫ్యాను పెట్టిస్తే బాగుంటుందన్నాడు.