ఫిర్యాదుల విభాగంలో వయొలిన్

ఉద్యోగం తెచ్చుకోవడానికి నానా గడ్డీ కరిచేవాళ్లను అందరం చూశాం. ఉన్న ఉద్యోగం ఊడగొట్టించుకోవడానికి అంతకంటే ఎక్కువ గడ్డి కరిచినవాడు మాత్రం ఒక్కడే ఉన్నాడు. ఆఫీసులోనూ వీధిలోనూ అందరూ అతన్ని ఫిడేలు అనే పిలుస్తారు. భార్య మాత్రం ఏవండీ అంటుంది. కోపం వస్తే అదీ అనదు.

ఫిడేలు ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో పని చేస్తాడు. పొద్దున ఏడింటి నుంచి ఎడమ చెవికీ ఎడమ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, బట్టలు చిరిగినవాళ్ల తిట్లూ రంగులు కలిసిపోయినవాళ్ల శాపనార్థాలూ వింటూ, అందరికీ క్షమాపణలు చెప్పుకుంటాడు. ఇంటికొచ్చి వయొలిన్ తీస్తే అదీ ఆ మెడ మీదే ఆనాలి. దేవుడు ఇచ్చింది ఒకటే మెడ, అది కాస్తా కంపెనీకే అరిగిపోతోందని అతని ఏడుపు.

అలాంటివాడికి ఒక వాద్యబృందం మాస్టారి నుంచి పిలుపొచ్చింది. వయొలిన్ల వరసలో ఒక కుర్చీ ఖాళీ అయిందనీ, ఒకటో తారీఖు నుంచి రోజూ పొద్దున సాధనకు వస్తే అది అతనిదేననీ, రాకపోతే ఆ కుర్చీకి ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారనీ మాస్టారు చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీ కోసం ఫిడేలు కళ్లు కాయలు కాశాయి. తీరా కుర్చీ వచ్చేసరికి సాధనా పొద్దున్నే, ఉద్యోగమూ పొద్దున్నే.

పోనీ రాజీనామా చేద్దామంటే ఇచ్చిన మాట ఒకటి అడ్డం. ఇల్లు కొన్నప్పుడు బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టిన చేత్తోనే భార్య చేతిలో చెయ్యివేసి, నా అంతట నేను ఈ ఉద్యోగం మానను అని మాటిచ్చాడు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. సూది గుచ్చేటప్పుడు రోగి మొహం చూడదు, నరం చూస్తుంది. మొగుణ్ణీ అలాగే చూస్తుంది.

రాత్రి భోజనాల దగ్గర ఫిడేలు గొంతు సవరించుకున్నాడు.

"ఒకవేళ కంపెనీయే నన్ను తీసేస్తే?"

"ఎందుకు తీసేస్తుంది?"

"మాట వరసకి."

"మాట వరసకి తీసేస్తే మాట వరసకి తిందాం. ముందు ఇది తినండి, చల్లారిపోతోంది."

ఆ రాత్రే ఫిడేలు బుర్రలో పథకం పుట్టింది. తను మానకూడదు గానీ, కంపెనీ మెడపట్టి గెంటేస్తే మాట తప్పినట్టు కాదు. మాటా దక్కుతుంది, కుర్చీ దక్కుతుంది. ఇంటి అప్పు సంగతి అప్పుడే చూసుకోవచ్చు.

మర్నాడు వయొలిన్ పెట్టె చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. మొదటి ఫోను ఒక పెద్దావిడది. కొత్త దుప్పటిని మెషీను పేలికలు చేసిందని ఆవిడ కంపెనీని ఏడు తరాల దాకా తిడుతోంది. ఫిడేలు క్షమాపణ చెప్పలేదు. ఫోను బల్ల మీద పెట్టి, వయొలిన్ తీసి, తనకిష్టమైన రాగం ఎత్తుకున్నాడు. పక్క బల్లలవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. వాయించడం అయ్యాక, ఈ దెబ్బతో ఉద్యోగం గోవిందా అనుకుంటూ ఫోను చెవికి ఆనించాడు.

అవతల ముక్కు చీదిన చప్పుడైంది. దుప్పటి పోతే పోయింది గానీ నాయనా, ఆ చివరిది ఇంకొక్కసారి వాయించు, అంది పెద్దావిడ.

వారం తిరిగేసరికి ఏ ఫిర్యాదూ లేనివాళ్లు కూడా ఫోన్లు చేయడం మొదలెట్టారు. మెషీనును కంపెనీ గేటు ముందు పడేసి తగలబెడతానని బెదిరించిన ఒక కొట్టతను, దాన్ని మళ్లీ ఇంట్లోకి మోయించుకుని, రోజూ పనయ్యాక ఒక పాట వినిపించమన్నాడు. ఇంకొకాయన తన మెషీను బంగారంలా ఉందనీ, పాడయ్యేదాకా ఆగలేక చేశాననీ ఒప్పుకున్నాడు. ఎప్పుడూ ఎవరూ తన వాయింపు అడిగి విని ఎరగని ఫిడేలుకు లోలోపల ఆనందంగానే ఉంది. ఆ ఆనందం పథకానికి చేటని తెలిసి కూడా ఆపుకోలేకపోయాడు.

చివరికి మేనేజరు పిలిచాడు. ఆయన్ని అందరూ శాతాలరావు అంటారు. ఇంట్లో జ్వరంగా ఉందట కదా అని అడిగితే అరవై శాతం నయం అని చెప్పే మనిషి. ఫిడేలు తన సొరుగు ఖాళీ చేసుకుని, అందరికీ కళ్లతోనే వీడ్కోలు చెప్పి, ఉత్సాహంగా లోపలికి వెళ్లాడు.

శాతాలరావు లేచి కరచాలనం చేశాడు. వినియోగదారుల సంతృప్తి నలభై శాతం పెరిగిందట. ఒక్కడు వాయిస్తేనే ఇంతైతే అందరూ వాయిస్తే ఎంతవుతుందో లెక్క కట్టి, ఆయన అప్పుడే ఆరు వయొలిన్లు తెప్పించాడు. విభాగంలో మిగిలిన ఆరుగురికీ నేర్పే బాధ్యత ఫిడేలుదే. వెర్రి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం.

ఆ ఆరుగురిలో ఒక్కరికీ శ్రుతి అంటే ఏమిటో తెలియదు. నూనె ఎరగని తలుపులు ఆరు ఒక్కసారి తెరిచినట్టుండేది ఆ గది. ఫోను చేసినవాళ్లు హలో అనకముందే పెట్టేసేవారు. కొందరు తమ మెషీన్లను తామే బాగు చేసుకోవడం నేర్చుకున్నారు. ఇక తన పని అయిపోయినట్టేనని ఫిడేలు పొంగిపోయాడు. కంపెనీ పరువు ఇంతలా తీసినవాణ్ణి ఏ యాజమాన్యం ఉంచుకుంటుంది?

ఉంచుకుంది. ఫిర్యాదులు ఎనభై శాతం తగ్గాయని పైఆఫీసు మెచ్చుకుంది. అవి ఎందుకు తగ్గాయో ఎవరూ అడగలేదు. ఒకటో తారీఖు నుంచి ఫిడేలును సంగీత సాంత్వన విభాగానికి అధిపతిని చేశామని శాతాలరావు శుభవార్త చెప్పాడు. పనివేళలు పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా.

తాను తవ్విన గోతిలో తానే పడ్డ ఫిడేలు ఆ సాయంత్రం ఇంటికి నడిచే వెళ్లాడు. దారిలో బాధ పోయి కోపం వచ్చింది, కోపం పోయి తెగింపు వచ్చింది. ఇంట్లో భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. చెప్పులు కూడా విడవకుండా ఎదురుగా నిలబడ్డాడు.

"నేను మాట తప్పుతున్నాను. రేపు రాజీనామా ఇస్తాను. ఇంటి అప్పు కోసం సాయంత్రాలు పాఠాలు చెప్తాను, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర వాయిస్తాను, కావాలంటే ఈ ఇల్లు అమ్మి చిన్నదాంట్లో ఉందాం. ఇంకొకళ్ల కోసం ఈ మెడ వంచను. నువ్వేమన్నా సరే."

ఆవిడ చేతిలోని చొక్కా మడత పూర్తి చేసింది.

"హమ్మయ్య. ఇన్నాళ్లకు నోరు విప్పారు."

అప్పుడు తీగ లాగితే డొంకంతా కదిలింది. కుర్చీ సంగతి కనుక్కోవడానికి మాస్టారు చాన్నాళ్ల కిందటే ఇంటికి ఫోను చేశాడట. మొగుడే చెప్తాడని ఆవిడ ఇవాళ్టిదాకా చూసింది, చెప్పలేదు. ఇక ఆగలేక మధ్యాహ్నం వార్డులోంచి కంపెనీకి ఫోను చేసింది. ఆవిడకు తెలిసిన నంబరు ఫిర్యాదులదే. ఎవరో కొత్త శిష్యుడు వాయించిన దారుణాన్నంతా పళ్లబిగువున భరించి, మేనేజరు వచ్చేదాకా ఫోను పెట్టలేదు. అక్కడిదాకా ఓపిక పట్టిన మొదటి మనిషి ఆవిడేనట.

"మీ ఆఫీసులో మధ్యాహ్నం షిఫ్టు ఉందా?" అంది.

"ఉంది."

"ఎప్పుడైనా అడిగారా?"

ఫిడేలు అడగలేదు. ఆసుపత్రిలో షిఫ్టు మార్చుకోవడం టీ తాగినంత తేలిక. తన ఆఫీసులో అలా అడగవచ్చని అతనికి తట్టనే లేదు.

"అడగనిదే అమ్మైనా పెట్టదు. మీరేమో అడగడం మానేసి ఊరంతటికీ కచేరీ చేశారు. మీ శాతాలాయన ప్రమోషనంటూ నసిగాడు. మధ్యాహ్నం నుంచైతే నూరు శాతం వస్తారు, పొద్దున అయితే సున్నా శాతం, మావారి పొద్దుటి వేళలు అమ్మకానికి లేవు అన్నాను. ఒకటో తారీఖు నుంచి మీది మధ్యాహ్నం షిఫ్టు. మీతో నేనే చెప్తానన్నాను."

"మరి నేనిప్పుడు చెప్పిందంతా?"

"అది చెప్పకపోయుంటే రేపు మళ్లీ ఫోను చేసి షిఫ్టు రద్దు చేయించేదాన్ని. ఇంట్లో నాతోనే చెప్పలేనివాడికి అక్కడ కుర్చీ ఎందుకు?"

ఒకటో తారీఖు పొద్దున ఫిడేలు తయారై, పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. మెడ పట్టేసిందన్నాడు. మబ్బు పట్టిందన్నాడు. ఎల్లుండి మంచిది కదా అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఏ అపస్వరం పలికినా ఉద్యోగం మీదకు తోసేసినవాడు, ఆ ఉద్యోగం పక్కకు జరిగేసరికి గడప దాటలేకపోతున్నాడు. భయంగా ఉందని చివరికి చెప్పేశాడు.

ఆవిడ అతని కాలరు సర్ది, వీపు మీద చెయ్యివేసి బయటకు నెట్టి, లోపల గడియ పెట్టింది.

"ఇక బాగా వాయించినా మీదే, తప్పు వాయించినా మీదే. కంపెనీ మీద పెట్టడానికి లేదు," అంది తలుపవతల నుంచి.

ఫిడేలు పెట్టె చంకన పెట్టుకున్నాడు. ఎదురింటివాళ్లు తొంగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాడు.

"వాయిస్తాను," అన్నాడు, మెట్ల కింది దాకా వినబడేంత గట్టిగా.

"ఆలస్యమవుతోంది," అంది లోపలి గొంతు.