నూట ఎనభై మంది మెడ డాక్టర్లు

ఒంట్లో బాగాలేదని ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకు ఫ్యాన్లు లేరు!

మాకున్నారు. మా ఆయన కుబోటా షోజి వృత్తిరీత్యా రెజ్లర్. వయసు నలభై మూడు. ఒసాకా చుట్టుపక్కల ఊళ్ళ వ్యాయామశాలల్లో తన్నులు తిని, తిరిగి తన్ని, సంసారం నడుపుతున్నారు. ఆయన మెడలో ఏ పూస ఎంత అరిగిందో డాక్టరయితే స్కాన్ తీసి, వారం ఆగి చెప్తాడు. ఫ్యాన్లు అలా కాదు. పన్నెండో వరసలో కూర్చుని, వేయించిన నూడుల్స్ తింటూ, అప్పటికప్పుడు తేల్చేస్తారు. ఇంకా అరగాలని!

నమ్మరా? రాసి మరీ ఇస్తారండీ. మా దగ్గర ఏ ఆటకి వెళ్ళినా కుర్చీ మీద ఒక అభిప్రాయ పత్రం, చిటికెన వేలంత పెన్సిలు పెట్టి ఉంటాయి. చాలా సంతృప్తి, సంతృప్తి, మామూలు, అసంతృప్తి. ఏదో ఒక గడిలో గుర్తు పెట్టాలి. వయసు, వృత్తి రాయాలి. కింద 'మీ మాట స్వేచ్ఛగా రాయండి' అని నాలుగు గీతలు. మా ఆయన కంపెనీ యజమాని ఒగురా గారు వీటిని దేవుడి ముందు తీసిన చీటీల్లా కళ్ళకద్దుకుంటారు. సోమవారం మీటింగులో పైకి చదువుతారు. ఎవరు ఎవరితో తలపడాలి, ఎవరు ఎలా కిందపడాలి, అంతా వాటిని బట్టే.

ఆ పత్రాలను గడుల వారీగా ఏరి కట్టలు కట్టే పని మాత్రం నాది. "మీరు ఇంట్లోనే ఉంటారు కదా" అన్నారు ఒగురా గారు. నిజమే. పని లేనివాళ్ళు ఉండడానికే కదా ఇళ్ళు కట్టేది!

జూన్ మొదటి ఆదివారం మా సకాయ్ వ్యాయామశాలలో మ్యాచ్. అవతల మిజోగుచి రియో, ఇరవై నాలుగేళ్ళవాడు, ఎద్దులా ఉంటాడు. మంచి పిల్లాడే. కొట్టిన మర్నాడు మిఠాయి పెట్టె పట్టుకొచ్చి, గుమ్మంలో నడుం విరిగేలా వంగి, "వదినగారూ, క్షమించండి" అని వెళ్తాడు. ఇరవై ఎనిమిది నిమిషాలు కొట్టుకున్నారు. ముందు ఛాతీల మీద అరచేతి దెబ్బలు. నేను కళ్ళు మూసుకున్నాను కాబట్టి శబ్దాలు లెక్కపెట్టగలిగాను. యాభై మూడు. ఆ తరవాత ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని నుదురుతో నుదురు బాదుకున్నారు. చివరికి మిజోగుచి మా ఆయన్ని వెనక నుంచి నడుం పట్టుకుని ఎత్తి, మెడ మీద పడేశాడు. జనం కాళ్ళు నేలకేసి బాదారు. రింగ్ నిండా రంగు కాగితపు రిబ్బన్లు! మా ఆయన కాసేపు లేవలేదు.

"అది నటనేనాండీ?" అని పక్క కుర్చీ ఆవిడ అడిగింది.

"నేనూ అదే అనుకుంటున్నానండీ," అన్నాను.

ఆ రోజు వచ్చిన పత్రాలు నూట ఎనభై. ఎంత విజ్ఞానమని! 'మామూలు. నుదుళ్ళు తగిలినప్పుడు ఎముక శబ్దం రాలేదు, చర్మం శబ్దం వచ్చింది.' సంగీత విద్వాంసులకైనా ఉందా ఇంత చెవి? 'సంతృప్తి. కాని మెడ మీద పడేటప్పుడు గడ్డం ఛాతీకి లాక్కున్నాడు. ఇది మోసం.' గడ్డం లాక్కోకపోతే మనిషి మిగలడు. అయినా మోసం మోసమే కదా! 'పదేళ్ళ కిందటి కుబోటా అయితే రెండుసార్లు పడేవాడు.' 'అసంతృప్తి. టీ చల్లారిపోయింది.' ఒగురా గారు ఈ చివరిది కూడా మా ఆయన ఖాతాలోనే వేశారు.

పత్రం రాయనివాళ్ళు నోటితో చెప్తారు. మా వీధిలో టోఫు కొట్టు హమాదా గారు కొట్టు తెరవడం మానతారేమో గాని, మ్యాచ్ మానరు.

"రండమ్మా, రండి! మొన్న మీ ఆయన బ్రహ్మాండం. కాకపోతే..."

ఈ 'కాకపోతే' వినడానికే నేను రోజూ టోఫు కొంటాను.

"కాకపోతే ఏంటండీ?"

"మూడో గుద్దుకి మొహం పక్కకి తిప్పాడమ్మా. ఇంత, ఒక్క వేలెడు. నా కంట్లో పడకుండా పోతుందా?"

"మీ వేలికేమైంది? ఆ కట్టేంటి?"

"అబ్బ, దాని ఊసెత్తకండి! నిన్న డబ్బా మూత తీస్తుంటే గీరుకుంది. ప్రాణం పోయిందనుకోండి. మా ఆవిడ వద్దంటున్నా రెండ్రోజులు కొట్టు మూసేద్దామనుకున్నా!"

చూశారా? నొప్పి తెలిసిన మనిషి. అందుకే అంత ధైర్యంగా తీర్పు చెప్తున్నాడు.

ఆ వారమే డాక్టరు స్కాన్ చూసి, "ఇంకొక్కసారి ఇలా మెడ మీద పడితే కుడిచెయ్యి పనిచేస్తుందని నేను చెప్పలేను," అన్నాడు. బాగా చదువుకున్నవాడే, కాని ఒక్క మ్యాచ్ కూడా చూసినవాడు కాడు. అలాంటివాడి మాటకి విలువేముంటుంది?

అప్పటికే మా ఆయన వేళ్ళలోంచి అన్నం తినే పుల్లలు జారిపోతున్నాయి. అందుకని మా ఇంట్లో వారానికి అయిదు రోజులు కర్రీ అన్నం మొదలైంది. అదయితే అందరూ చెంచాతోనే తింటారు. చెంచా జారినా "వేడిగా ఉంది" అని తప్పించుకోవచ్చు. ఈ వేళ్ళ సంగతి తెలిసింది ముగ్గురికే: డాక్టరు, ఆయన, నేను.

సోమవారం మీటింగు నుంచి ఆయన ఉత్సాహంగా వచ్చారు.

"జూలై ఇరవై మూడున మళ్ళీ మిజోగుచితోనే! ఈసారి రెండుసార్లు పడాలి. డెబ్భై ఒక్కమంది అడిగారట."

"డాక్టరు వద్దన్నాడు కదండీ."

"వాడు ఒక్కడే కదా."

"నేనూ వద్దంటున్నాను. ఇద్దరమయ్యాం."

"నువ్వు ఇంటిమనిషివి, నీది లెక్కలోకి రాదు. పెళ్ళాం మాట విని తగ్గితే భయపడ్డాడంటారు. జనం మాట విని తగ్గితే, అదిగో, కళ అంటారు!"

పదహారేళ్ళ కాపురంలో ఆయన నాకు ఇంత పనికొచ్చే మాట ఎప్పుడూ చెప్పలేదు.

తరవాతి శనివారం కిషివాడలో ఆట. పత్రాల పెట్టె ఎప్పట్లాగే మా ఇంటికి చేరింది. అడుగున మిగిలిపోయిన ఖాళీ పత్రాలు అరవై దాకా ఉన్నాయి, పెన్సిళ్ళు ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం బియ్యం నానబోసి ఒకటి నింపాను. పురుషుడు. అరవై ఎనిమిది. రైల్వేలో చేసి రిటైరయ్యాడు.

సోమవారం పొద్దున టిఫిన్ దగ్గర ఆయన కట్ట తిరగేస్తూ ఆగిపోయారు.

"ఇలా విను! 'వానలు మొదలయ్యాయి, మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను.' అబ్బ, ఎంత సంస్కారం! 'నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. మెడ మీద పడటం ఎవరైనా పడతారు. మొన్న మా బట్టల బీరువా కూడా పడింది. పడకుండా జనాన్ని కుర్చీ అంచుకి లాగడం ఒక్క కుబోటాకే చేతనవును. దయచేసి ఆ విద్య చూపించండి.' విన్నావా? రసికుడంటే వీడూ! నీలాంటివాళ్ళకి ఇవి అర్థం కావు."

"అవునండీ, నాకెక్కడ తెలుస్తాయి," అన్నాను.

ఆయన చివరి వాక్యం పైకి చదవలేదు. టీ తాగారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆఖర్న నేనేం రాశానో. 'మీ కుడిచేతి వేళ్ళు జాగ్రత్త.' రిటైరైన రైల్వే ఆయనకి ఆ వేళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది? నేను చిక్కుళ్ళు తుంచుతూ తల ఎత్తలేదు.

"ఇంకేమంటాడు ఆ పెద్దాయన?"

"ఏమీ లేదు," అన్నారు.

మీటింగులో ఒగురా గారు మాత్రం, "ఒక్క ముసలాయన కోసం కార్యక్రమం మారుస్తామా?" అన్నారట.

ఒక్కడు చాలడట. అంతేనా! తరవాతి మూడు ఆటల్లోనూ మా వైపు జనం అభిరుచి వరదలా పొంగింది. నారా నుంచి నర్సింగ్ చదివే అమ్మాయి రాసింది. టాక్సీ డ్రైవరు రాశాడు. ఎడమచేతివాటం వంటవాడు రాశాడు, వాడి అక్షరాలకి నాకు పూట పట్టింది. ఆరేళ్ళ పిల్ల పెద్ద పెద్ద అక్షరాలతో, 'మామయ్య మెడ బాగుంది. అలాగే ఉంచండి' అని రాసింది. అనుమానం రాకుండా నలుగురి చేత టీ చల్లారిందని కూడా రాయించాను.

జూలై రెండో సోమవారం ఒగురా గారు లేచి నిలబడి, కాలం మారుతోందని, ప్రేక్షకుడు ఎదిగాడని ఉపన్యాసమిచ్చారట. ఇరవై మూడున మా ఆయన మెడ మీద పడలేదు. నుదురు నుదురుకి ఆనించి, చేతులు పెనవేసి, ఒక్క అంగుళం జరగకుండా ఇద్దరూ తొమ్మిది నిమిషాలు నిలబడ్డారు. హాలులో దగ్గు కూడా వినబడలేదు. చివరికి మిజోగుచి ఆయన భుజాలు నేలకి ఆనించి మూడు లెక్కపెట్టించుకున్నాడు. అసలు ఫ్యాన్లు మాత్రం మండిపడ్డారు. నలభై మంది 'మామూలు' అన్నారు. హమాదా గారైతే మెత్తటి టోఫు పొట్లం కట్టి ఇస్తూ, "కాకపోతే, ఈమధ్య మీ ఆయనా ఇలాగే అయిపోయాడమ్మా," అన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఫ్యాన్ అభిప్రాయం వరమా కాదా? పదహారేళ్ళుగా ఆయన మెడకి నొప్పి పట్టీలు వేసే చెయ్యి చెప్తే చెవికెక్కని మాట, ముక్కూమొహం తెలియని ముసలాడు చెప్తే కళ అయిపోయింది! నేను భార్యగా ఇన్నేళ్ళు వృథా చేసుకున్నాను. మొదటిరోజే పన్నెండో వరసలో కూర్చోవలసింది.

ఒక్కటే చిక్కు. అరవై పత్రాలూ అయిపోయాయి. సెప్టెంబరులో మిజోగుచితో మూడో మ్యాచ్ ఉంది, 'మామూలు' కట్ట లావెక్కుతోంది. ఏం చేయాలో తోచక కూర్చున్నాను.

మొన్న సోమవారం ఆయన టిఫిన్‌కి వేయించిన చేప తిన్నారు, పుల్లలతో, ముల్లు ముల్లూ ఏరి. మీటింగుకి వెళ్ళిపోయాక చూద్దును కదా, బల్ల మీద కొత్త ఖాళీ పత్రాల కట్ట మరిచిపోయారు. ఆయన గొడుగు కూడా మరిచిపోయే మనిషి కారు. పక్కన పెన్సిళ్ళన్నీ చెక్కి ఉన్నాయి.

పైపత్రంలో వయసు గడి ముందే నింపి ఉంది. అరవై ఎనిమిది. అంకెలు కాస్త వంకరగా ఉన్నాయి గాని, కుడిచేత్తోనే రాశారు.