మేస్త్రి కంటి తెలుపు

పరాయివాడు చేసిన ద్రోహమైనా మర్చిపోవచ్చు కానీ, తోడల్లుడు చేసిన సాయం మాత్రం చచ్చినా మర్చిపోకూడదంటాడు రంగుల మేస్త్రి. మందుల షాపు నడిపే ఆ తోడల్లుడే, డాక్టరు చీటీ అయినా అడగకుండా, మంచం మీద మగవాడి పరువు నిలబెట్టే బిళ్లలు రెండు చేతిలో పెట్టి, గంటలో పనిచేస్తాయని ఇకిలించాడు.

ఊరెళ్లిన భార్య మధ్యాహ్నానికి వస్తుంది. ఈలోగా కొత్త మేడలో హాలుకి తెల్లరంగు వేసి చూపించాలి. నచ్చితే మూడంతస్తులు, పద్నాలుగు గదుల పనీ అతనికేనని యజమానురాలి మాట. తెలుపు డబ్బాలోంచి రాదు, తన కంట్లోంచి వస్తుందని మేస్త్రి గొప్ప. రంగుల నమూనా అట్ట చూసి పోల్చుకోవడం అతనికి నామోషీ.

పొద్దున్నే నూనె ఓడుతున్న వేపుడు పీకల దాకా తిని, భార్య వచ్చేలోగా సరుకు పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక బిళ్ల మింగాడు. గంట దాటినా ఒంట్లో చీమ కుట్టినట్టయినా లేదు. దొంగ సరుకు అంటగట్టాడని తోడల్లుడి వంశాన్నంతా తిట్టి, రెండోదీ మింగాడు.

ముందు ముక్కు దిబ్బడేసింది. ఆనక మొహం కందగడ్డయింది. ఆపైన డబ్బాలో తెలుపు నీలంగా కనబడింది. రంగు అమ్మినవాణ్ణి తిడుతూ కాస్త పసుపు కలిపాడు. ఇంకా నీలమే. మళ్లీ కలిపాడు. తెలుపు కుదిరాక నాలుగు గోడలూ లాగించేశాడు.

యజమానురాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"గోడలకి కామెర్లొచ్చాయా మేస్త్రీ?"

"పాలలాంటి తెలుపమ్మా."

ఆవిడ అతని మొహం చూసి, పట్టపగలే తాగొచ్చావా అంది. లేదని ఒట్టేశాడు. మరి ఆ ఎరుపేమిటని నిలదీసింది. నిజం చెప్పడం కన్నా తాగుబోతనిపించుకోవడమే మర్యాదనిపించింది.

"కొంచెం తాగానమ్మా."

పని పోయింది.

షాపు మీదికి దూకితే తోడల్లుడు తాపీగా చెప్పాడు. నూనె వేపుడు తిని వేసుకుంటే బిళ్ల రక్తంలోకి ఆలస్యంగా ఎక్కుతుందట. తొందరపడి రెండోది మింగేసరికి రెండూ ఒక్కసారే ఎక్కాయట. మోతాదు మించితే కంటి మీదా పనిచేసి నీలం చూపిస్తుందట. కాలేయం దాన్ని అరగదీసేదాకా, అంటే రాత్రి దాకా ఓపిక పట్టాలట.

"కంటికెక్కింది, ముక్కుకెక్కింది. ఎక్కాల్సిన చోటికెందుకు ఎక్కలేదురా?"

"కోరిక పుడితేనే అది పనిచేస్తుందన్నయ్యా. నువ్వు పొద్దుట్నుంచీ తిడుతూనే ఉన్నావు కదా."

తిట్టుకుంటూనే ఇల్లు చేరాడు. భార్య అప్పటికే వచ్చింది. ఎర్రబడ్డ మొహం, ఎగబీల్చే ముక్కు చూసి దగ్గరికొచ్చి చెంప తడిమింది.

"నేను లేనని ఏడ్చారా?"

అతను కాదనలేదు. కోపం దిగిపోయింది. బిళ్ల ఇంకా దిగలేదు.

మొత్తమ్మీద పోయింది మూడంతస్తులు, పద్నాలుగు గదులు.