బీరన్న బిడ్డ పెళ్లికి ఐదో ఫ్లాపీ

"కంప్యూటర్‌కు కప్పనీకి నా కొత్త దుప్పటే దొరికిందా?" అని సైదులు భార్య ప్రమీలమ్మ అడగడంతో ఆ పొద్దు మొదలైంది.

"దుమ్ము పడితే పాడైతది," అన్నాడు సైదులు.

"దుమ్ము పడకముందే పాడైంది గద అది."

సైదులు దుప్పటి తీసి, మడిచి పక్కన పెట్టాడు. పాత అచ్చు యంత్రాన్ని తుక్కు కింద అమ్మేసి, హాలియాలో కంప్యూటర్ మీద పెళ్లి కార్డులు వేసే మొదటివాడని అతను పేరు తెచ్చుకుని ఏడాది కాలేదు. కార్డుల సాఫ్ట్‌వేర్‌ను హైదరాబాద్ కంపెనీ ఒకటి ఏడాది చందా మీద ఇచ్చింది. రెండు నెలలకోసారి పోస్టులో ఒక ఫ్లాపీ వస్తుంది. దాన్ని వేస్తే పాత తప్పులు పోతాయని కంపెనీ హామీ. రెండో ఫ్లాపీతో తేదీలు సరయ్యాయి, వినాయకుడి బొమ్మ మాయమైంది. మూడోదానితో వినాయకుడు తిరిగొచ్చాడు కాని, దశదిన కర్మ కార్డు మీద కూడా వచ్చాడు. నాలుగోదాన్ని లోపల పెడితే, 'ముందు నాలుగో ఫ్లాపీ పెట్టండి' అంది. ఫోన్ చేస్తే, ఐదోదాంట్లో అన్నీ సరిచేశామన్నారు.

ఆ ఐదోది నిన్ననే వచ్చింది, సైదులు రాత్రే వేసేశాడు. తిరుమలగిరిలో గొర్లు పెంచే బీరన్నకు ఒక్కతే కూతురు. ఆమె పెళ్లి కార్డులు మూడు వందలు పొద్దున పది గంటల లోపల కొట్టి ఇవ్వాలని సైదులు అనుకున్నాడు. మంచి గడియ దాటకముందే మొదటి కార్డుకు పసుపు పెట్టాలని బీరన్న అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒకపారి అన్నీ సూసుకో బీరన్నా."

"నాకు సదువొస్తే నీ దాక ఎందుకొస్త? నువ్వు సూసినవు గద, సాలు."

తెర మీద అంతా సవ్యంగానే ఉంది. కార్డులు మూట కట్టుకుని బీరన్న పది గంటల బస్సెక్కాడు.

నాలుగు రోజుల తర్వాత ప్రమీలమ్మ పచ్చడి జాడీ మీద మూతగా పెట్టిన ఒక మిగులు కార్డు చదివింది. అక్షరమున్న కాగితం ఏదైనా చదవనిదే వదలడం ఆమెకు చేతకాదు.

"పెండ్లి తిరుమలగిరిల గద? దీంట్ల మనింటి అడ్రసెందుకున్నది?"

చందా కట్టినవాడి చిరునామాను పెళ్లి వేదిక ఉండాల్సిన చోట అచ్చేయడం ఐదో ఫ్లాపీ తెచ్చిన కొత్త విద్య. సైదులు కుర్చీలో కూలబడ్డాడు.

"మూడు వందల మంది ఈడికొస్తరు. ఆడ బీరన్న బిడ్డ పెండ్లి ఆగమైతది. ఇగ నాతోని కార్డులెవ్వడు కొట్టిస్తడు?"

"జర ఆగు. ఊర్లల్ల కార్డెవరు సదువుతరు? ఇచ్చేటోడు నోటితోనే అన్నీ చెప్తడు. ముందు బీరన్నను అడుగు."

సైదులు అడగలేదు. ఆటోకు మైకు కట్టించుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. "తిరుమలగిరి బీరన్న బిడ్డ పెండ్లికి పిలుపందినోళ్లకు మనవి. పెండ్లి జాగ అడ్రసు తప్పు పడ్డది. మాఫ్ చేయుండ్రి." సరైనది ఏదో చెప్పాలన్న సంగతి క్షమాపణల హడావిడిలో మరిచిపోయాడు.

పెళ్లి రోజు ఎనిమిదింటికి ఇంటి ముందు ఒక ట్రాక్టర్ ఆగింది. తర్వాత రెండు. ఇత్తడి బిందె చంకనెత్తుకున్న ముసలామె సత్తమ్మ అందరికంటే ముందు దిగింది.

"అవ్వా, పెండ్లి తిరుమలగిరిల," అన్నాడు సైదులు.

"బీరన్న గూడ గట్లనే చెప్పిండు. అది తప్పని మైకుల నువ్వే అంటివి గద కొడుకా. పంతులుతోని కార్డు సదివిచ్చినం. గీ ఇల్లే అన్నడు."

తొమ్మిదిన్నరకు పెళ్లికొడుకు కూడా అలాగే చదివించుకుని వచ్చాడు. ముహూర్తం పదకొండు ఇరవైకి. సైదులు అందరినీ మళ్లీ ట్రాక్టర్లెక్కించబోతే ప్రమీలమ్మ ఆపింది.

"గింతమందిని ఆడికి పంపుడు కన్న ఒక్క పిల్లను ఈడికి తెచ్చుడు అల్క. ఉరుకు."

సైదులు ఒక ట్రాక్టర్ తీసుకుని వెళ్లేసరికి తిరుమలగిరిలో ఖాళీ పందిట్లో బ్యాండు మేళం తనకోసం తానే వాయించుకుంటోంది. బీరన్న పందిరి గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఒక్కడు రాలే సైదులన్నా. నా బిడ్డ పెండ్లికి ఒక్కడు గూడ రాలే. నేనెవ్వలకేం అన్యాలం చేసిన?"

"అందరు మా ఇంటికాడున్నరు, నడువు," అన్నాడు సైదులు. పెళ్లికూతురి పెట్టెను తనే ఎత్తి ట్రాక్టర్‌లో పెట్టాడు. మాంసం వండిన డేగిసాల మధ్య పీట వేసి పెళ్లికూతుర్ని కూర్చోబెట్టారు. హాలియా చేరేసరికి ముహూర్తానికి ఎనిమిది నిమిషాలుంది. ప్రమీలమ్మ పక్కింటివాళ్లతో మాట్లాడి రెండు వాకిళ్లు కలిపించి, మామిడాకులు కట్టించి ఉంచింది.

తాళి పడింది. సైదులు ఇల్లు బస్టాండు పక్కనే కనుక తిరుమలగిరికి రాలేమన్నవాళ్లు కూడా వచ్చారు.

"నా ఇంట్ల ఇంత జనం పట్టకపోవు," అంటూ బీరన్న సైదులు చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

అందరూ వెళ్లాక ఇంట్లోవాళ్లు మిగిలిన కూరతో అన్నానికి కూర్చున్నారు.

"చందా బంద్ చేస్త," అన్నాడు సైదులు.

"వద్దు," అంది ప్రమీలమ్మ, అత్త గుర్వమ్మ విస్తట్లో కూర వేస్తూ. "వాకిట్ల పందిరేపిచ్చి పెండ్లిళ్లకు కిరాయికిద్దాం. మన తాన కార్డు కొట్టిచ్చుకున్నోళ్లకు ముందు."

"మంచిగున్నది," అంది గుర్వమ్మ.

చిరునామా తప్పును సరిచేశామన్న ఉత్తరంతో వచ్చిన ఆరో ఫ్లాపీని ప్రమీలమ్మ సీలు విప్పకుండానే తిప్పి పంపింది.