నెత్తురు తారుమారు

ఇరవై ఆరేళ్ల కాపురంలో కర్ణాకర్ తన భార్యకు తనంతట తానుగా ఇచ్చిన మొదటి కానుక రక్తపరీక్ష.

కర్ణాకర్‌కు సిద్దిపేట పాత బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఉంది. భార్య పేరు స్వరాజ్యలక్ష్మి. అతను స్వరాజ్యం అని పిలుస్తాడు. ఇంటికి స్వరాజ్యం వచ్చి ఇరవై ఆరేళ్లయినా తనకు మాత్రం స్వాతంత్ర్యం రాలేదని దుకాణానికి వచ్చినవాళ్లతో అంటుంటాడు. ఆ మాట ఆమె చెవిన పడిన రోజు కూరలో ఉప్పుండదు.

"రేపు పొద్దుగాల లాబు పిల్ల నా రక్తం తీస్కపోనీకి వస్తది గద, నువ్వు గూడ ఇయ్యి," అన్నాడు ఆ సాయంత్రం.

"నాకేమైందని?"

"ఏమన్న కాకముందే చూయించుకోవాలె. నీ పాణం గురించి నాకు రంది ఉండదా?"

స్వరాజ్యం జొన్నపిండి పిసకడం ఆపి అతన్ని కిందినుంచి మీదికి చూసింది. "మీకు పాణం మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది. ఎందుకు?"

"మరి గిసొంటి మాటలెందుకు వస్తున్నయి?"

అయినా సరేనంది. మొగుడు తన గురించి రంది పడడం ఎంత అనుమానంగా ఉన్నా, కాస్త బాగానే ఉంటుంది కదా.

అసలు సంగతి వేరు. కర్ణాకర్‌కు ఏడేళ్లుగా షుగరుంది. మూడు నెలల కింద డాక్టర్ రోజారాణి అతని కాగితాలు చూసి, ఒంట్లో ఏం జరుగుతోందో ఓపికగా చెప్పింది.

"మీ ఒంట్ల ఇన్సులిన్ తయారైతనే ఉన్నది సార్. ఒళ్లే దాని మాట వింటలేదు. రక్తంల ఉన్న చక్కెరను లోపలికి తీస్కోమని ఇన్సులిన్ పిలుస్తది, కణాలు పలకయి. పలుకతలేవని క్లోమం ఇంకింత ఇన్సులిన్ తయారుచేసి ఇంకింత గట్టిగ పిలుస్తది. గట్ల ఏండ్లకేండ్లు పిలిచి పిలిచి ఆఖరికి క్లోమమే అలిసిపోతది. అప్పుడు ఇన్సులిన్ బయటినుంచి సూదితోని ఇయ్యాల్సిందే."

"గిది మా ఇంట్ల రోజు జరిగేదే డాక్టరమ్మా," అంది స్వరాజ్యం. "పిలిచేది నేను, పలుకనిది ఈయన."

డాక్టర్ నవ్వింది కానీ మాట మాత్రం గట్టిగానే చెప్పింది. పొట్ట తగ్గాలి, నడవాలి, గోలీలు మానొద్దు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష. అప్పుడు షుగరు మూడు నెలల సగటు తొమ్మిది దాటితే ఇన్సులిన్ సూది.

సూది అంటేనే కర్ణాకర్‌కు భయం. అతని తండ్రి సిద్ధయ్యకు కూడా షుగరే. పదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ఆయనా పట్టించుకోలేదు. కాలి పుండు మాననప్పుడు పట్నం దవాఖానకు తీసుకుపోతే ఇన్సులిన్ మొదలుపెట్టారు. అయిదో నెలలో ఆయన పోయాడు. ముందటి పదేళ్లూ ఇంట్లో అందరూ మరిచిపోయారు. సూది ఒక్కటే గుర్తుండిపోయింది. సూది పెట్టిన్రు, బాపు పోయిండు. కర్ణాకర్ మనసులో ఆ రెండు ముక్కల మధ్య ఇంకేమీ లేదు.

ఈ మూడు నెలలూ స్వరాజ్యం అతన్ని తెల్లవారి కోమటి చెరువు కట్ట మీద నడిపించింది. రాత్రి జొన్నరొట్టె తప్ప పెట్టలేదు. కర్ణాకర్ అన్నిటికీ తలూపాడు. దుకాణంలో మాత్రం మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు, అవి కారమైతే వాటి మీద జిలేబీ నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి సగటు తొమ్మిది దాటడం ఖాయమని అతనికి తెలుసు.

ఉపాయం పక్క దుకాణం ఇస్తారి అనేవాడిది. పేరుకు తగ్గట్టు అడగకపోయినా సలహా ఇస్తాడు.

"వదినె రక్తం నీ పేరు మీద పంపియ్యే అన్నా. వదినె చువ్వ లెక్క ఉంటది, ఆమెకెక్కడి షుగరు? ఇద్దరికి ఒకటే తీరు పరీక్షలు రాయించు, లేకుంటే దొరుకుతవ్."

"మరి ఆమె పేరు మీద నా షుగరు వస్తది గద?"

"ఏముంది? మిషన్ల తప్పు వచ్చిందంటరు, మళ్ల చూస్తరు. అప్పుడు మంచిగనే వస్తది."

కర్ణాకర్‌కు ఇది చాలా న్యాయంగా తోచింది.

పొద్దున ఆరున్నరకు లాబు అమ్మాయి సాహితి వచ్చింది. ఇద్దరి రక్తం తీసి, చిన్న స్టాండులో ఎడమ పక్క అతనిది, కుడి పక్క ఆమెది పెట్టింది. పేర్ల చీటీలు అంటించబోతుంటే ఫోను మోగింది. సిగ్నలు లేదని వాకిట్లోకి వెళ్లింది. స్వరాజ్యం చాయ పెట్టడానికి లేచింది. రెండు గొట్టాల చోటు మార్చడానికి కర్ణాకర్‌కు అరనిమిషం పట్టలేదు. దుకాణంలో ముప్పై ఏళ్లుగా గిన్నెలకు మూతలు కలుపుతున్న చెయ్యి అది.

సాహితి వచ్చి చీటీలు అంటించుకొని వెళ్లిపోయింది. ఆ పూట కర్ణాకర్ చెరువు కట్ట మీద రెండు చుట్లు ఎక్కువ నడిచాడు. నేరం చేసినవాడికి ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుడుతుంది.

రెండు రోజుల తర్వాత ఇద్దరూ డాక్టర్ ముందు కూర్చున్నారు. రోజారాణి మొదటి కాగితం చూసింది. రెండోది చూసింది. మళ్లీ మొదటిది తీసింది.

"సార్, మీ సగటు పదకొండు పాయింటు రెండు."

కర్ణాకర్‌కు ఆ అంకె అర్థం కాలేదు. "ఎవలది?"

"మీదే. కర్ణాకర్ అని ఉన్నది గద. అమ్మది ఏడు పాయింటు నాలుగు."

"నాకు గూడనా?" అంది స్వరాజ్యం. "నేను మంచిగనే ఉన్న గద డాక్టరమ్మా!"

డాక్టర్ కర్ణాకర్‌ను అటు తిరగమని అతని మెడ వెనక చూసింది. అక్కడ మడతల్లో చర్మం నల్లగా మందంగా ఉంది.

"గీ నలుపు, గీ పొట్ట, రెండు గూడ ఒళ్లు ఇన్సులిన్ మాట వింటలేదని చెప్తయి. గసొంటి మనిషి రక్తంల ఇన్సులిన్ ఎక్కువుండాలె. కని మీ కాగితంల అది అడుగంటింది. మూడు నెలలల్ల ఇంత తగ్గుడు ఎన్నడు చూడలే. అమ్మ కాగితంలనేమో ఉండాల్సిన దానికంటె ఎక్కువున్నది. అమ్మ చూస్తె సన్నగున్నది." ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. "ఈ కాగితాలు ఈ ఒంట్లకు అతుకతలేవు."

కర్ణాకర్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టర్ స్వరాజ్యం వైపు తిరిగింది. "అమ్మా, ఈ మధ్య బరువు తగ్గిన్రా?"

"జాకెట్లు వదులైనయి. పని ఎక్కువైంది, గందుకే."

"దూప బాగ అయితుందా?"

"ఎండలు గట్లున్నయి గద."

"అరికాళ్లు మంట పెడుతున్నయా?"

స్వరాజ్యం పాదాలను కుర్చీ కిందికి లాక్కుంది. "బండల మీద నిలవడుత గద, గందుకే కావచ్చు."

ప్రతి దానికీ ఆమె దగ్గర ఒక కారణం ఉంది. కర్ణాకర్‌కు ఒక్కొక్కటే కళ్లముందు ఆడింది. వంటింట్లో నిలబడి చెంబుడు నీళ్లు ఎత్తిన చెయ్యి దించకుండా తాగడం. సాయంత్రమయ్యేసరికి గోడకు ఆనుకొని కూర్చుని పాదాలు రుద్దుకోవడం. అన్నీ చూశాడు. చూసి పక్క నుంచే దుకాణానికి వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే అతనికి మొదట కలిగింది సంతోషమే. ఏడు పాయింటు నాలుగు తనది! సూది తప్పింది! ఆ సంతోషం ఒక్క గుటక మింగేంత సేపు ఉంది. వెంటనే పదకొండు పాయింటు రెండు ఎవరిదో గుర్తొచ్చింది.

"డాక్టరమ్మా," అన్నాడు. "గొట్టాలు నేను మార్చిన."

రోజారాణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏం చేసిన్రో తెలుసునా మీకు? ఈ కాగితం నమ్మి మీకు సూది మొదలుపెడితే, షుగరు పడిపోయి దుకాణంల కుప్పకూలుతుంటిరి. ఈమెకు రెండు గోలీలు రాసి పంపిస్తుంటి. ఒక్క నెలల ఈమెను ఎత్తుకొని తేవాల్సి వస్తుండె."

స్వరాజ్యం ఒక్క మాటా అనలేదు. కర్ణాకర్ ఇరవై ఆరేళ్లుగా ఆమె తిట్లకు అలవాటు పడ్డాడు. ఇది అలవాటు లేనిది.

అక్కడికక్కడే ఇద్దరి వేళ్లు గుచ్చి చూశారు. అతనికి నూట నలభై ఎనిమిది. ఆమెకు మూడు వందల ఇరవై ఆరు. కొత్తగా రక్తం తీయడానికి సాహితి వచ్చింది. తన వంతు అయ్యాక, చీటీలు అంటించడం పూర్తయ్యేదాకా కర్ణాకర్ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకొని గోడ దగ్గర నిలబడాలని స్వరాజ్యం హుకుం వేసింది. నిలబడ్డాడు. బయట వరుసలో కూర్చున్నవాళ్లు ఇదేదో కొత్త పరీక్షనుకొని భయపడ్డారు.

"సన్నగున్నోళ్లకు గూడ వస్తదా డాక్టరమ్మా?" అన్నాడు చేతులు దించకుండానే.

"ఎందుకు రాదు? సార్ ఒళ్లు వినదు. అమ్మ ఒళ్లు వింటది, కని పిలిచే గొంతు సన్నబడ్డది. ఇన్సులిన్ తయారుడే తక్కువైంది. పేరు ఒకటే రోగమైనా ఇద్దరి మందు ఒకటి కాదు." డాక్టర్ స్వరాజ్యాన్ని అడిగింది. "ఏం తింటరమ్మా?"

"ఈయనకు రొట్టెలు చేస్త. మిగిలిన అన్నం, పండుగకు చేసిన పరమాన్నం పారేయబుద్ధి గాక నేనే తింట."

"గంత తిన్నా బక్కగనే ఉన్నరంటె, తిన్నది ఒంటికి పడతలేదన్నట్టు. కొన్ని దినాలు సూదే మందు. క్లోమానికి జెర ఆసరా దొరికినంక గోలీలతోని సరిపోతదో లేదో చూద్దాం."

అప్పుడు స్వరాజ్యం కుర్చీలోంచి లేచింది. "నాకు సూది వద్దు."

"స్వరాజ్యం," అన్నాడు కర్ణాకర్.

"మీరు మాట్లాడకున్రి. సూది పెట్టినంక మామకు ఏమైందో మీరే గద అందరికి చెప్పేది?"

కర్ణాకర్ చేతులు నెత్తి మీది నుంచి వాటంతటవే దిగాయి. ఇన్నేళ్లుగా తానన్న మాట ఆమె నోట వింటుంటే, అందులో ఎంత అబద్ధముందో అప్పుడు తెలిసింది.

"బాపు సూదితోని పోలే," అన్నాడు మెల్లగా. "కాలు నల్లవడేదాక మేమెవ్వలం చూడలే. సూది ముందుగాల్నే పెడితె ఉంటుండె. నాకెరుకే. భయానికి గట్ల చెప్పుకుంట వచ్చిన." ఆమె వైపు తిరిగి అన్నాడు. "నిన్ను గూడ చూడలే. ఇంట్ల నా కండ్ల ముందట్నే ఉన్నవ్, చూడలే."

స్వరాజ్యం కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత డాక్టర్‌ను అడిగింది. "సూది ఎవలన్న ఇయ్యొచ్చునా?"

"ఎవలన్న ఇయ్యొచ్చు. నేర్పిస్తం."

"అయితె ఈయనకు నేర్పిన్రి. రోజు ఈయనే ఇయ్యాలె. వేరేటోళ్లు ముట్టుకుంటె నేను వేయించుకోను."

జన్మలో సూది ముఖం చూడకూడదని ఇంత పన్నాగం పన్నినవాడికి ఇక రోజూ పొద్దున్నే దాని దర్శనం రాసిపెట్టింది ఆమె.

ఇంటికి వెళ్లేటప్పుడు బండి మీద, సందు తిరిగాక అతనే అడిగాడు. "నాకు ఏడే ఎట్ల వచ్చిందే? దుకాణంల నేను..."

"బజ్జీలు తిన్న దినం మీ అంగి వాసన వస్తది. ఆ రాత్రి రొట్టె ఒకటి తక్కువ పెడుత. తెల్లారి చెరువు కట్ట మీద ఇంకొక చుట్టు తిప్పుత."

"నీకెరుకనా?"

"జిలేబీ సంగతి గూడ ఎరుకే."

కర్ణాకర్ మిగతా దారంతా రోడ్డు మీదే చూపు పెట్టాడు.

మరునాడు ఉదయం స్నానం చేసి మంచం అంచున కూర్చున్నాడు. నర్సు చూపించినట్టే సూదిమందు పెన్నుకు కొత్త సూది బిగించి, పది యూనిట్లకు తిప్పాడు. దాన్ని దూరంగా పట్టుకొని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆగున్రి," అంది స్వరాజ్యం. డబ్బాలోంచి ఇంకో కొత్త సూది, ఒట్టిది, తీసి అతని చేతిలో పెట్టింది. "ముందుగాల మీరు గుచ్చుకోన్రి. ఎంత నొస్తదో మీకు తెలువాలె."

అతను కళ్లు మూసుకొని పొట్ట మడత పట్టుకొని గుచ్చుకున్నాడు. కాసేపు చూశాడు. చీమ కుట్టినంత కూడా లేదు.

"గింతేనా?" అన్నాడు.

"గింత దానికి నా నెత్తురు దొంగతనం చేసిన్రు," అంది ఆమె.

అతను ఆ సూదికి మూత పెట్టి పారేసే డబ్బాలో వేశాడు. స్వరాజ్యం చీరె కుచ్చిళ్లు కొంచెం పక్కకు జరిపి కూర్చుంది. ముఖం గోడవైపు తిప్పుకుంది. అప్పుడు చూశాడు, ఆమె చెయ్యి అతని అంగీ అంచును గట్టిగా పిడికిట్లో పట్టుకుని ఉంది. నిన్నటి నుంచి ఇంత ధైర్యంగా మాట్లాడిన మనిషి!

గుచ్చాడు. మీట నొక్కాడు. మందు పూర్తిగా దిగేదాకా పది లెక్కపెట్టమని నర్సు చెప్పింది. అతను పైకే లెక్కపెట్టాడు. ఎనిమిది, తొమ్మిది, పది. ఆపడానికి ధైర్యం చాలక పదకొండు, పన్నెండు కూడా లెక్కపెట్టాడు. పదిహేను దాటింది.

"ఇగ తియ్యిన్రి," అంది స్వరాజ్యం, గోడవైపు చూస్తూనే. "దుకాణం తెరువద్దా?"