ఎక్కడికని అడగకూడదు

ఆ ఉదయం నూకాలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కట్ల చేప తెప్పించి పులుసు పెట్టాలి. డ్యూటీ నుంచి వచ్చిన రష్మితకు వడ్డించి, రెండో ముద్ద నోట్లో ఉండగా మెల్లగా అనాలి: "ఇంకో మూణ్ణెల్లు ఉండిపోకూడదేటే?" నోట్లో పులుసన్నం ఉన్న మనిషి కాదనడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

రష్మిత ఆవిడకు చుట్టం కాదు. ఇల్లెందు పిల్ల, నర్సు. ఏ ఊళ్లో నర్సులు తక్కువైతే ఆ ఊరికి ఏజెన్సీ వాళ్లు మూడేసి నెలలకు పంపుతారు. రాయపూర్ అయింది, అంగుల్ అయింది, ఇప్పుడు ఖరగ్‌పూర్. అక్కడి తెలుగువాళ్ల పేట మలంచాలో ఎన్ని గుమ్మాలు తట్టినా "మూణ్ణెల్లకు ఎవరిస్తారు, పైగా వేళాపాళా లేని డ్యూటీలు" అని తలుపులు వేసుకున్నారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి కాలం చేసిన భర్త నూకయ్య కట్టిన ఇంట్లో వెనక గది ఖాళీగా ఉండేది. నూకాలమ్మ దాని తాళం తీసి ఇచ్చింది. ఆ పిల్ల ఎర్ర పెట్టె విప్పి, దండెం కట్టి, అమ్మానాన్నల ఫొటో గోడకు తగిలించి, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు కాళ్లు చాపుకుని కూర్చుంటే, నూకాలమ్మ గుమ్మంలో నిలబడి వింతగా చూసింది. బదిలీ మీద వెళ్లేవాళ్లను రైలెక్కించి ఎక్కించి, కట్టిన పెట్టె కనిపిస్తేనే మొహం తిప్పుకునే మనిషి ఆవిడ. విడిపోవడమే ఉద్యోగంగా పెట్టుకుని నవ్వుతూ బతికేవాళ్లు లోకంలో ఉన్నారని ఆవిడకు అంతవరకు తెలియదు.

అటువంటిది, చేప ఇంకా ఇంటికి రాకముందే రష్మిత ఆ ఎర్ర పెట్టెను ఈడ్చుకొచ్చి వీధిలో ఆగిన బ్యాటరీ బండి, టోటో రిక్షాలో పెట్టింది.

"వెళ్లొస్తా అమ్మమ్మా," అంది.

"ఎక్కడికే" అన్న మాట నూకాలమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుంది. ఆవిడ ఆ మాటను గుటుక్కున మింగి, "మంచిదమ్మా," అంది.

వెనక గదిలోకి వెళ్లి చూస్తే దండెం బోసిగా ఉంది. గోడ మీద ఫొటో లేదు. పరుపు చుట్టేసి ఉంది, బకెట్టు బోర్లించి ఉంది. ఖాళీ చేసిన గది ఎలా ఉంటుందో రైల్వే మనిషికి ఒకరు చెప్పాలా? ఆవిడ కేకకు పక్కింటి మీనాకుమారి వచ్చింది. వెనకాలే ఆమె భర్త, రిటైరైన గార్డు హరిబాబు వచ్చాడు.

"ఫోన్ సేసి అడిగితే పోద్ది గదా పిన్నీ," అంది మీనాకుమారి.

"ఎల్తన్న మనిసికి ఫోన్ సేస్తే ఎనక నించి పిలిసినట్టే గదే."

"ఫోన్‌కి ముందేటి, ఎనకేటి?"

"దాని మొకం అటేపుంది. మనం ఇటేపున్నాం. మరది ఎనక కాదేటి?"

హరిబాబు గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. "ఎదరకెల్లి ఆపితే ఏ దోసమూ నేదు. స్టేసన్లో మన సిరిల్ ఉన్నాడు."

సిరిల్ ఆంగ్లో ఇండియన్, టికెట్ కలెక్టరు. హరిబాబు ఫోన్‌లో అతనికి విషయం అప్పగించాడు. "నర్సు. సన్నటి పిల్ల, ఎర్ర పెట్టి. ఎదరకెల్లి నిలబడు. ఎక్కడికని మాత్రం అడక్కు."

"నేను టీసీని మేన్," అన్నాడు సిరిల్. "అది అడగకపోతే నాకు ఇంకేం పని?"

"ఈ ఒక్క పూటకీ అడక్కు."

రష్మిత రోజూ స్టేషన్ దాకా ఒక టోటోలో వచ్చి, పట్టాల మీది వంతెన నడిచి దాటి, అవతల ఇంకో టోటో పట్టుకుని ఆసుపత్రికి వెళుతుంది. సిరిల్ వంతెన మెట్ల మీదికి చేరేసరికి ఆమె దాటిపోయింది. అతనికి దొరికినవి హిజ్లీ ఐఐటీలో చదివే పిల్లల పెట్టెలు. ఆరోజే సెలవులు మొదలయ్యాయి, సగం పెట్టెలు ఎరుపే. అతను చేతులు రెండూ చాచి ప్రతి ఎర్ర పెట్టెకూ ఎదురు నిలబడ్డాడు. అలవాటైన ప్రశ్న తప్ప ఇంకొకటి నోటికి రాక, ఊరికే చూస్తూ ఊరుకున్నాడు. టీసీ మాట్లాడకుండా చూస్తుంటే ఎవరికైనా తప్పు చేసినట్టే ఉంటుంది. అలేఖ్య అనే పిల్ల టికెట్ చూపించింది, కాలేజీ కార్డు చూపించింది, చివరికి పెట్టె తెరిచి మాసిన బట్టలన్నీ చూపించి ఏడ్చింది.

స్టేషన్ పోలీసు వచ్చాడు. "ఏం దాదా, ఎవరి కోసం?"

"ఒక నర్సు," అన్నాడు సిరిల్. "పెట్టెతో పోతోంది."

అతను అన్నది అంతే. నర్సు, పెద్ద పెట్టె, టీసీ, పోలీసు. మిగతాది జనమే కలుపుకున్నారు. ఆ మాట మెట్లు దిగేసరికి పెట్టెలోకి ఒక పసిబిడ్డ వచ్చి చేరింది.

మలంచాకు కబురు మీనాకుమారి ఫోన్‌లోకే వచ్చింది. "పిన్నీ, మన రస్మిత పురిటిబిడ్డని పెట్లో పెట్టుకుని ఎత్తుకెల్లిపోతందంట. జనం ఆసుపత్రి మీద పడ్డారంట."

"నాను ఉండిపొమ్మందావనుకున్నాను గదే," అంది నూకాలమ్మ నీరసంగా. ఈ మచ్చ పడితే ఆ పిల్లను ఖరగ్‌పూరే కాదు, ఏ ఊరూ రానివ్వదు. ఏజెన్సీ పేరు కొట్టేస్తుంది. అది తన నోటి వల్ల. కాదు, అడక్కుండా మూసుకున్న నోటి వల్ల.

ముగ్గురూ టోటో ఎక్కారు. వంతెన మెట్లు ఎక్కేసరికి నూకాలమ్మకు ఊపిరి అందలేదు. పైన నిలబడి చూస్తే కింద పట్టాలు లెక్కకందకుండా ఎటో సాగిపోతున్నాయి. ఆ పిల్ల డ్యూటీ చేసి అలిసిన కాళ్లతో రోజూ ఇదంతా దాటి వచ్చి, "ఆకలేస్తోంది అమ్మమ్మా" అని తప్ప ఒక్కనాడు ఇంకో మాట అనలేదు.

ఆసుపత్రి పురిటి వార్డు గుమ్మంలో జనం కిక్కిరిసి అరుస్తున్నారు. లోపల రష్మిత తొందరేమీ లేకుండా ఒక్కో తొట్టి దగ్గరికీ వెళ్లి, బిడ్డను ఎత్తి, తల్లి ఒళ్లో పెడుతోంది. ఒకామెతో బెంగాలీలో, ఒకామెతో హిందీలో, ఇంకొకామెతో వచ్చీరాని ఒడియాలో మాట్లాడుతూ, బిడ్డ చేతి పట్టీ తల్లి చేతి పట్టీతో సరిచూపిస్తోంది. ఒక్కో బిడ్డ ఒళ్లోకి చేరినకొద్దీ గుమ్మంలో ఒక్కో గొంతు ఆగిపోయింది. ఆఖరి తొట్టి ఖాళీ అయ్యేసరికి బిడ్డలు పాలు తాగే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నూకాలమ్మ తనకు తెలియకుండానే చేతులు రెండూ జోడించింది.

మేట్రన్ మాత్రం కరగలేదు. "మరి ఆ పెట్టె ఏమిటి?"

రష్మిత జనాన్ని చూసింది, నూకాలమ్మను చూసింది. "ఇప్పుడు వద్దు దీదీ."

"తెరువు."

తెరిచింది. మూతులు బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచుల్లో ఆమె బట్టలు, దుప్పట్లు, ఫొటో.

"నల్లులు," అంది రష్మిత తల వంచుకుని. "ఇక్కడి లాండ్రీలో ఆవిరి పట్టిస్తా అని నిన్న పర్మిషన్ తీసుకున్నా. గదికి సాయంత్రం మందు కొడదామనుకున్నా. అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటదని చెప్పలే."

"ఎల్లిపోతన్నావనుకున్నానే," అంది నూకాలమ్మ.

"ఇంకో మూణ్ణెల్లు ఉంటానని నిన్ననే సంతకం పెట్టిన అమ్మమ్మా. పోయేదాన్నయితే నల్లులతో నాకేం పని? మీకే వదిలేసి పోయేదాన్ని."

తన ఇంటి నల్లుల కోసం ఒక మనిషి ఇంత అవస్థ పడిందంటే ఉండిపోవడానికేనని తెలిసి, నూకాలమ్మ ఊరంతా వింటున్న సంగతి కూడా మరిచిపోయి, ఆ పిల్ల చెంపలు నిమిరింది. ఆమె పక్కన నిలబడ్డ హరిబాబు మెడ గోక్కున్నాడు. మీనాకుమారి ఒక అడుగు వెనక్కి జరిగింది.

సాయంత్రానికల్లా నల్లుల మాట మలంచా అంతా పాకి, ప్రతి మేడ మీదికీ పరుపులు ఎక్కాయి. రష్మిత ఉండిపోతోందన్న కబురు మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు.