కుంగుడు కుర్చీపై సరేపాప సమరం

ఇలా రండర్రా, దగ్గరికి జరగండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు తల్లీ, ఎక్కడికీ పారిపోదులే. నువ్వు కాళ్ళు ముడుచుకోరా నాన్నా, వెనకవాళ్ళకి చోటియ్యి. ఆఁ, ఇక వినండి.

అది ప్రచండ మార్తాండ కిరణములు ఎత్తైన భవనముల గాజుపలకలపై బడి, వీధిన పోవువారి కన్నులలో సూదులై గ్రుచ్చుకొనుచుండు మధ్యాహ్నవేళ. లిఫ్టు ముందర నిలిచిన జనులు, నొక్కిన మీటనే మరల మరల నొక్కుచు, అది తమ తొందర గ్రహించి వడివడిగా దిగివచ్చునని భ్రమపడుచున్న శుభముహూర్తము. ఆ వేళ, అట్టపెట్టెలు తయారుచేయు ఒకానొక కంపెనీ ద్వారమున, ప్లాస్టిక్ ఫైలే డాలుగా, అక్క దగ్గర అరువు తెచ్చుకొన్న చెప్పులే రథముగా, నిరుద్యోగ గ్రీష్మతాపమున వాడి వత్తియైన మన వీరనారి వచ్చి నిలిచెను. ఆమెయే సరేపాప!

అదేం పేరంటారా? కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది, అది ఎవరికీ గుర్తులేదు. బుద్ధెరిగిన నాటినుండి ఆమె నోట "కుదరదు" అన్న మాట వెలువడినది లేదు. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ పిల్లిని అప్పగించినా సరే. మేనత్త తన కుట్టుమిషను తెచ్చి ఈమె మంచం మీదే పెట్టినా సరే. కిందటి ఉద్యోగంలో, మానేసినవాళ్ళందరి పనీ ఈమె నెత్తినే రుద్దినా సరే. ఆ సరేలన్నీ పోగుపడి, చివరికి జ్వరమై, మనిషిని మంచాన పడేశాయి. ఆ మంచం మీదేమో కుట్టుమిషను.

అందుకే బయలుదేరేముందు అక్క గుమ్మంలో చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒసేయ్, ఉద్యోగం కావాలి, నిజమే. కానీ వాళ్ళు నిన్ను చూస్తున్నంతసేపూ నువ్వూ వాళ్ళని చూడు. ఈసారి కూడా జ్వరంతో తూలుకుంటూ వచ్చావో, తలుపు తియ్యను."

"సరేనక్కా."

"అదిగో! ఆ మాటే వద్దంటున్నది!"

అట్లు హెచ్చరింపబడిన సరేపాప ఆ కార్యాలయము చొచ్చి నలుదెసలు పరికించెను. ఏమని చెప్పుదును! కంప్యూటర్ల యెదుట బారులు తీరిన యోధులందరు భుజములకు సంచులు తగిలించుకొనియే పనిచేయుచుండిరి. బల్లలపై ఒక ఫొటో లేదు, ఒక నీళ్ళ సీసా లేదు. సందు దొరికిన తక్షణమే పలాయనము చిత్తగించుటకు సన్నద్ధమైన సేనవలె వారుండగా, లోపలి గదినుండి ఒక్క దగ్గు వినవచ్చెను. అంతట తలలన్నియు ఒక్కమారుగా వంగెను.

ముందు బల్ల దగ్గర ఆఫీసు ఫోను ఎత్తుతున్న పిల్ల మెల్లగా అడిగింది. "ఇంటర్వ్యూకా అక్కా?"

"అవునమ్మా. నువ్విక్కడ ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావు?"

"చెయ్యడమా? నేనూ ఇంటర్వ్యూకే వచ్చానక్కా. పోయిన వారం. 'ఇప్పుడే పిలుస్తా, అందాకా ఈ ఫోను చూస్తుండమ్మా' అన్నారు సారు. రోజూ వస్తున్నా. ఇంకా పిలవలేదు."

సరేపాప ఒక్క అడుగు ద్వారమువైపు వేసెను. ఐనను వెనుదిరుగుట వీరధర్మము గాదని తలచి, లోపలి గదిలో అడుగిడెను.

ఆ గదిలో, చెవికి ఫోను, పెదవికి చిరునవ్వు, రెండును పుట్టుకతోనే అతికించినట్లున్న వదనముతో, ఎత్తైన తోలుకుర్చీపై కొలువుదీరి యుండెను యజమాని. ఆయన యెదుట నుండెను మరియొక కుర్చీ: పంచచక్రపాదము, శ్యామవర్ణము, చూచుటకు సింహాసనము, కూర్చుండినవారిని మాత్రము సుయ్యని నిట్టూర్చుచు పాతాళాభిముఖముగా కొనిపోవు కపటవాహనము!

"కూర్చోమ్మా. చూడు, మాది కంపెనీ కాదు, కుటుంబం. కుటుంబంలో ఎవరైనా గడియారం చూసుకుంటారా?"

"సరేనండి" అని సరేపాప తల యూపెను. తల యూగినంతనే కుర్చీ సుయ్యని అంగుళము దిగెను.

"నీకు ముందు ఆ సీట్లో చేసినవాళ్ళంతా ద్రోహులమ్మా. ఒకడైతే చెయ్యి కడుక్కొస్తానని లేచాడు. ఇప్పటికీ రాలేదు. వాడి అన్నం డబ్బా ఇంకా ఇక్కడే ఉంది."

"స... సరేనండి."

సుయ్.

"పనేమిటని అడగవేం?"

"ఏం పనండీ?"

"అన్నీ!"

సుయ్. బల్ల మీది పెన్నుల గిన్నె ఇప్పుడు ఆమెకు కోటబురుజువలె కనబడుచుండెను.

"ఏమండీ, కుర్చీ దిగిపోతోందండీ."

"అది అంతేనమ్మా. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నువ్వే కాస్త నిటారుగా కూర్చో."

నిటారుగా కూర్చుండ యత్నించిన కొలది ఆ వీరనారి కుంగుచునే యుండెను. తుదకు ఆమె గడ్డము బల్ల అంచున ఆనెను. అప్పుడు పిల్లలూ, ఎత్తుగా కూర్చున్నవారికి ఎన్నడును కానరాని దృశ్యమొకటి ఆమె కంటబడెను. బల్ల అంచు పొడవునా గోటిగీతలు! ఆమెకు పూర్వము ఆ కుర్చీలో కుంగి, పట్టుకొనుటకు వేరొండు లేక, ఆ చెక్కనే పట్టుకొని పెనుగులాడిన అజ్ఞాతవీరుల శిలాశాసనములు! ఒక మూలన గోరుముక్క కూడా ఉందట. అబద్ధమైతే అడగండి.

ఆ సమయముననే యజమాని ముందుకు వంగి పలికెను. "మిగతా ఇంటర్వ్యూ తర్వాత చేద్దాంలే. బయట ఆ పిల్ల పక్కన ఇంకో ఫోనుంది. అందాకా అది చూస్తుండు. ఏమంటావు?"

ఆహా! సరే యను మాట అలవాటు చొప్పున గుండెలో పుట్టి, గొంతున ప్రాకి, నాలుక కొసకు వచ్చి నిలిచెను. అంతట ఆ ధీర తనలో తాను ఇట్లు గర్జించెను.

"ఓసీ నా జిహ్వా! పిల్లికి సరే యంటివి, కుట్టుమిషనుకు సరే యంటివి, తుదకు జ్వరమునకు సైతము సరే యంటివి! ఇంకెన్నాళ్ళీ దాస్యము? నేడొక్కమారు, ఒక్కటంటే ఒక్కమారు, అడ్డము తిరుగుము!"

"స..." అనెను సరేపాప. యజమాని మొగము చాటంతయ్యెను.

"స... సారూ, కుదరదండి."

యజమాని చెవినుండి ఫోను తనంత తాను జారెను. సరేపాప లేచి నిలిచెను. భారము తొలగిన కుర్చీ రివ్వున పైకెగసి, విజయధ్వజమువలె ఆమె వెనుక నిలువెత్తు నిలిచెను.

"కుదరదంటే?"

"అంటే... కుదరదండి."

"కుర్చీ కోసం ఉద్యోగం వదులుకుంటావా?"

"దిగిపోతోందని చెప్పాను కదండీ. మీరు నన్నే సర్దుకోమన్నారు."

ఇట్లు పలికి, డాలు చంకనబెట్టుకొని వెలికి నడచి, ముందు బల్లకడ ఆగెను.

"లే చెల్లీ, ఇంటర్వ్యూ అయిపోయింది."

"నాదా అక్కా?"

"నీదీ."

ఆ పిల్ల లేచిన వెంటనే ఫోను మ్రోగెను. లోపలినుండి "ఎవరైనా ఎత్తండర్రా!" అని కేక వినబడెను. యోధులందరు ఒకరి మొగమొకరు చూచుకొని, భుజముల సంచులు సర్దుకొనిరి. ఫోను మాత్రము ఎవ్వరును ఎత్తరైరి. తుదకు యజమానియే వచ్చి ఎత్తెను.

ఇంటికాడ అక్క తలుపు తీసి, నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. "ఏమైందే? వచ్చిందా ఉద్యోగం?"

"లేదక్కా. కుదరదన్నాను."

"వాళ్ళు అన్నారా?"

"నేనే అన్నాను."

"ఎవరూ? నువ్వా!" అక్క ఉన్నపళంగా కూలబడింది. కూలబడ్డచోటినుంచే, "మంచిపని చేశావులే. రేపు ఇంకోచోటు వెతుకుదాం. ఇప్పుడైతే, ఆ అటక మీది డబ్బా కాస్త దించిపెట్టు, నాకు అందదు" అంది.

"ఇప్పుడు కుదరదక్కా. కాళ్ళు లాగుతున్నాయి."

"ఓసినీ! తిరిగి తిరిగి నామీదేనా ప్రయోగం?"

విజయము, దిగ్విజయము! రాజ్యము గెలువలేదు, ఉద్యోగమూ గెలువలేదు. ఒక్క మాటను మాత్రము గెలిచి, పొద్దుగూకకమునుపే ఇల్లు చేరి, అరువు చెప్పులు విడిచి, తన మంచము మీది కుట్టుమిషనును తన చేతులతో క్రింద దింపి, అడ్డముగా పవళించెను సరేపాప!

ఇదర్రా కథ. మరిచిపోకండి. రేపు మీ వాళ్ళెవరైనా కొత్త ఉద్యోగానికి ఫైలు పట్టుకుని బయలుదేరితే, గుమ్మంలో ఆపి ఇది చెప్పి పంపండి. కుర్చీ దిగే చోట మాత్రం "సుయ్" అని గట్టిగా అనండి, నాలాగా.